ఏబది యిండ్లు

సంతబొమ్మాళి ప్రాంతమున నేడు "వాలంటీరు" అను మాట తెలియని యిల్లు లేదు. అక్షరము రాని ముదుసలి సయిత మా మాట నెరుగును. కాని యా మాటకు మన పల్లెలలో స్థిరపడిన యర్థమేమో యొక్కమారు విచారింపుడు. ప్రభుత్వము నియమింపగా, ఒకటవ తేదీన వేకువనే పింఛను సొమ్ము తెచ్చి గుమ్మము చెంత నిలుచువాడు వాలంటీరు. 2019వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన నాటి రాష్ట్రప్రభుత్వ మీ యేర్పాటును ప్రారంభించెను. పల్లెలలో నేబది కుటుంబముల కొకరు చొప్పున యువతీయువకులను నియమించి, నెలకు 5,000 రూపాయల గౌరవవేతన మొసంగెను. 2024వ సంవత్సరమున ప్రభుత్వము మారిన పిమ్మట ఆ యేర్పాటు సాగలేదు. ఆ యేడు జూలై 1వ తేదీనుండి పింఛనులను సచివాలయోద్యోగులే పంచసాగిరి.

ఆ యేర్పాటు మంచిదా, చెడ్డదా యను తగవును రాజకీయపక్షములకు విడిచెదను. నా తగవు మనతోడిది. ఆ యువకుడు నాలుగైదేండ్లలో నేబది యిండ్ల నెరిగెను. ఏ యింట మంచము పట్టిన తల్లి యున్నదో, ఏ యింటి కొడుకు గుజరాతు తీరమున వేరావలు రేవునకు చేపల వేటకై వలసపోయెనో, ఏ యింటి యాధారు కార్డులో పేరు తప్పుపడి పింఛను నిలిచిపోయెనో, వాని కన్నియు కంఠస్థములు. తాతముత్తాతల నాటినుండి యా వీథిలోనే కాపురమున్న మనకు, చదువుకొన్నవారమని పేరుపడిన మనకు, ఆ యేబదింటిలో పదియిండ్ల సంగతియైన తెలియదు. వేతనమునకు వచ్చినవాడు తెలిసికొన్న దానిని వేతనము లేని యిరుగుపొరుగువారము తెలిసికొనకపోవుట మనకు సిగ్గుచేటు కాదా? ఆ యువకుడు రాకపోయిన నెలలో "సేవ నిలిచిపోయినది" అని మనము నిట్టూర్చితిమి. నిలిచిపోయినది ప్రభుత్వము వారి యేర్పాటు. మన సేవ నిలిచిపోలేదు, ఏలయన నది మొదలే కాలేదు!

ఈ మాటకు వేరొక యర్థ ముండిన కాలము కలదు. 1923వ సంవత్సరమున కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు పదునాలుగేండ్ల బాలిక యొకతె వాలంటీరుగా ఖద్దరు ప్రదర్శనశాల ద్వారముకడ నిలిచియుండెను. టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరాదని యామెకు చెప్పిన పని. వచ్చినవారు జవహర్లాల్ నెహ్రూగారు. ఆయన చేత టిక్కెట్టు లేదు. ఆమె విడువలేదు. టిక్కెట్టు కొనియిచ్చిన పిమ్మటనే యాయన లోనికేగెను. ఆ బాలికయే యనంతరము ఆంధ్రమహిళాసభను స్థాపించిన దుర్గాబాయి గారు. ఆమె యానాడు చేసినది యుపన్యాసము కాదు, తీర్మానము కాదు. ఒక్క వాకిలి కాచినది. తన పాలబడిన చిన్నపనిని ఎదుట నున్నవా డెవ్వడైనను సరే తప్పక నెరవేర్చుట యనునదే యీ మాటకు మొదటి యర్థము.

ఇట్టిపని మొదలుపెట్టుదమా యని యడిగిన తోడనే మనవారు చెప్పు సాకులు కొన్ని కలవు. వానిని వరుసగా పరిశీలింతము.

మొదటి సాకు: "ముందొక సంఘము పెట్టవలయును." ఇది సాకే కాదు, వ్యాధి. పదిమంది చేరుదురు. అధ్యక్షుడు, ఉపాధ్యక్షులు ముగ్గురు, కార్యదర్శి, సహాయకార్యదర్శి, కోశాధికారి యేర్పడుదురు. కోశము మాత్ర ముండదు. లెటరుహెడ్డు అచ్చగును. బొమ్మలతో ఫ్లెక్సీ కట్టుదురు. ప్రారంభోత్సవమునకు పెద్దమనుష్యు నొకని పిలిచి శాలువ కప్పుదురు. ఆ శాలువతోనే సంఘసేవ సమాప్తము. రెండవ సమావేశమునకు రానివారిపై మూడవ సమావేశమున తీర్మానము చేయుదురు; నాలుగవ సమావేశము జరుగదు. పని ముందు పుట్టి, ఆ పనికి చేతులు చాలక సంఘము పుట్టవలయును గాని, సంఘము ముందు పుట్టి పనికై వెదకికొనుట యేమి న్యాయము? బిడ్డ పుట్టక మునుపే బారసాల చేసిన చందము.

రెండవ సాకు: "తీరిక లేదు." చేతిలోని ఫోనునకు దినమునకు రెండుగంటలు ధారపోయువారు పక్షమునకు రెండుగంటల తీరిక లేదనుట నమ్మదగిన మాట కాదు. తీరిక లేనివారు నిజముగా కలరు. వేకువనే నౌపడ యుప్పుమళ్లలోనికి దిగి యెండ నెత్తికెక్కువరకు నుప్పు గోకువారికి తీరిక లేదు. జీడిపప్పు కార్ఖానాలో దినమెల్ల గూర్చుండి పిక్కలు కొట్టు స్త్రీలకు తీరిక లేదు. ఐనను పొరుగింట చావు సంభవించిన ముందుగ పోవువారు వారే. మనము మరునాడు తెలిసికొని "పాపము" అందుము.

మూడవ సాకు: "ప్రభుత్వము చేయవలసిన పనిని మనమేల చేయవలయును?" ఇది కొంత బరువైన మాట. దీనికి ప్రత్యుత్తర మీ ప్రాంతపు కష్టమే చెప్పును.

ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస యను నేడు మండలముల కొబ్బరి, జీడి తోటల నేల యుద్దానము. సంతబొమ్మాళి యా యేడింటిలో చేరకున్నను వాని పొరుగుననే యున్నది. ఆ పచ్చని నేలపై మూత్రపిండముల వ్యాధి దశాబ్దములుగా కాపురము చేయుచున్నది. ఇతరత్ర నీ వ్యాధికి మూలములైన మధుమేహమును రక్తపోటును లేనివారికి సయిత మిచ్చట నది వచ్చుచున్నది. పరిశోధకులు నీరును మన్నును పరీక్షించిరి, ఎండలో పనిచేయువారి దేహస్థితిని విచారించిరి. ఇదియే కారణమని నిశ్చయముగ నేటికిని తేలలేదు. ప్రభుత్వ మేమియు చేయలేదని యనరాదు. 2023వ సంవత్సరము డిసెంబరు 14వ తేదీన పలాసలో 200 పడకల యాసుపత్రియు, మూత్రపిండవ్యాధుల పరిశోధనకేంద్రమును ప్రారంభమైనవి. హిరమండలము జలాశయమునుండి గొట్టములద్వారా నుద్దానపు టూళ్లకు వంశధార నీటిని తెచ్చు పథకమును నానాడే ప్రారంభించిరి.

ఆసుపత్రి కట్టుట ప్రభుత్వము వంతు. కాని డయాలిసిస్ అవసరపడిన రోగి వారమునకు రెండుమూడుమారు లాసుపత్రికి పోవలయును. పోయినప్పుడెల్ల నాలుగుగంటల సేపు యంత్రముచెంత పండుకొనియుండవలయును. కూలికి పోవు కొడుకు తోడుపోయినచో నా దినపు కూలి పోవును. పోకున్నచో ముసలితల్లి యొక్కతెయే యాటో యెక్కి దిగవలయును. ఆ తల్లితో నొక్క మంగళవారము కూడ నేగుట ఏ మంత్రిత్వశాఖ పని? ఆమె పరీక్షకాగితములను తేదీల వరుసను కుట్టి యుంచుట యే కలెక్టరు పని? ఒళ్లునొప్పులకు కిరాణాకొట్టులో కొని మ్రింగు మాత్రలు మూత్రపిండములకు కీడు చేయగలవు, వైద్యు నడిగి వాడుమని పొరుగింటివా డొకడు మెల్లగ చెప్పుటకు జీవో వలయునా? ప్రభుత్వము గొట్టము వేయగలదు. ఆ గొట్టమున నీరు పదిదినములుగా రాలేదని వ్రాసియుంచువాడు వీథిలోనే యుండవలయును. ప్రభుత్వము చేయవలసినది వేరు, పొరుగువాడు చేయవలసినది వేరు. ఒకటి లేకున్న రెండవది కుంటువడును.

ఇక సేవయనిన మనకు తెలిసిన రూపము వేరొకటి కలదు. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ వేకువజామున తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటెను. ఒక్క రాత్రిలో నుద్దానపు కొబ్బరిచెట్లు, జీడిమామిళ్లు నేలగూలినవి. ఆ వారమున పులిహోర పొట్లములతో, పాత బట్టలతో దూరపు పట్టణములనుండి బండ్లు వచ్చినవి. వచ్చినవారి దయను తక్కువ చేయను. ఆకలికి పొట్లము పొట్లమే. కాని కొబ్బరిమొక్క నాటిన పిమ్మట కాపునకు వచ్చుట కేండ్లు పట్టును. ఆ యేండ్లలో నెవరు వచ్చిరి? కూలిన చెట్ల లెక్కలో పేరు తప్పిపోయిన కౌలుదారునకు దరఖాస్తు వ్రాసియిచ్చిన దెవరు? తుపాను వచ్చిన వారమున దయగలవారు వేలకొలది యుందురు. తుపాను వెడలిపోయిన మూడవ యేట గుర్తుంచుకొనువాడే సేవకుడు. అట్టివాడు బండిమీద దూరమునుండి రాడు, రాజాలడు. వాడు వీథిలోనివాడే కావలయును.

కావున నే ననునదేమన: సేవ ధనముతో మొదలుకాదు, సంఘముతో మొదలుకాదు, ఉపన్యాసముతో నసలే మొదలుకాదు. ఎరుకతో మొదలగును. మన జిల్లాలోనే యిందుకు పెద్ద దృష్టాంతము కలదు. శ్రీముఖలింగము చెంత పర్వతాలపేటలో 1863వ సంవత్సరమున జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో నుపాధ్యాయులుగా నుండిరి. కొండదిగి సంతకు వచ్చు సవరలను పట్టణమువా రెల్లరును చూచుచునే యుండిరి. సవరల నుద్ధరింపవలెనని పంతులుగారు సభ చేయలేదు. వారి మాట నేర్చుకొనిరి. నేర్చుటకు కొండలు తిరిగిరి. మన్యపు జ్వరము తెచ్చుకొనిరి. దానికి మ్రింగిన క్వినైను వలన చెవుడు తెచ్చుకొనిరి. సవరపిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పుటకు పుస్తకములు వ్రాసి, తమ సొమ్ముతో బడి నడిపిరి. 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువడినవి. వ్యావహారికమునకై యంతగా పోరాడిన యా మహనీయుని గ్రాంథికమున కొనియాడుచున్నందుకు వారు నన్ను మన్నింతురుగాక! ఎవరికి సేవచేయదలచితిమో వారి మాట ముందు వినుమనుటయే వారి జీవితము మనకు నేర్పు పాఠము. వినుటకై చెవులనే పోగొట్టుకొన్నవా రాయన. నిక్షేపముగా చెవులున్న మనము పక్కవీథి మాట వినము.

పక్కవీథి యనగా నేది? ఇచ్చట నప్రియమైన సత్య మొకటి చెప్పక తప్పదు. నీ గుమ్మమునుండి లెక్కపెట్టిన నేబది యిండ్లు నీ కులమువారి యిండ్లే కావచ్చును. మన యూళ్లు కట్టబడిన తీరే యట్టిది. మత్స్యకారుల పేట సముద్రపు టొడ్డున, దళితవాడ యూరి చివర, రైతుల వీథి నడుమ. వేతనమునకు వచ్చిన వాలంటీరు జాబితా పట్టుకొని యా గీటులను దాటిపోయెను, దాటక వానికి తప్పదు. మన కాళ్లు మాత్రము గీటుకడ నిలిచిపోవును. తన కులమువారికి చేయు సేవ చుట్టరికమే గాని సంఘసేవ కాదు. కావున నీ లెక్కలో సగము గీటున కావలి యిండ్లు కావలయును. వాని గుమ్మమున చాపమీద గూర్చుండి వారిచ్చిన నీరు త్రాగవలయును. ఆ నీరు త్రాగనివాడు వారి నీటిబాధ నేమని వ్రాయగలడు?

ఈ పనిలో గృహిణులకు గల శక్తి పురుషులకు లేదు. పురుషుడు వాకిట నిలిచి పిలువవలసిన యింటికి స్త్రీ పెరటిదారిని వంటయింటివరకు పోగలదు. వంటయింటిలోనే యసలు సంగతు లన్నియు నుండును. నెల్లూరు జిల్లా దూబగుంటలో జరిగినది స్మరింపుడు. అక్షరాస్యతోద్యమకాలమున స్త్రీలు రాత్రిబడులలో చదువ మొదలిడిరి. చదువునకు గూర్చుండినప్పుడు తమ యిండ్ల దుఃఖమున కెల్ల మూలము సారా యని యొకరికొకరు చెప్పుకొనిరి. 1992లో తమ యూరి సారాదుకాణమును మూయించిరి. ఆ నిప్పు జిల్లాలకు ప్రాకెను. 1993వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీనుండి ప్రభుత్వము రాష్ట్రమంతట సారాను నిషేధించెను. బడి పెట్టుట సేవ. దుకాణము మూయుమనుట ఉద్యమము. ఆ రెండును వేరువేరని యెంచు పెద్దమనుష్యులకు దూబగుంట చాలిన సమాధానము. ఎవరింటి కష్ట మెరుగనివాడు చేయు నుద్యమము కేక మాత్రమే. ఎరిగియు "ఎందువలన?" అని యడుగనివాడు చేయు సేవ కట్టుమీద కట్టు కట్టుటయే, పుండు మానదు.

నాలుగవ సాకు ఇచ్చటనే తలయెత్తును. "సేవయైన చేయుదుము గాని ప్రశ్నలు మాకేల? అది రాజకీయము, ప్రమాదము." ప్రమాదము లేదని నేననను. ఈ తీరపు మట్టి యా మాట యననీయదు. 2010వ సంవత్సరము జూలై 14వ తేదీన సోంపేటలో బీలభూములలో ధర్మల్ విద్యుత్కేంద్రము వలదన్నవారిపై పోలీసు కాల్పులు జరిగినవి. 2011వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన మన సంతబొమ్మాళి మండలము కాకరాపల్లి ధర్మల్ కేంద్రముకడను కాల్పులు జరిగినవి. రెండుచోట్లను ప్రాణములు పోయినవి. పోయినవారు పేదలు. మనలో ననేకులము మరునాడు పత్రికలో చదివితిమి.

కాని సోంపేట సంగతిలో మరువరాని విషయ మొకటి కలదు. విద్యుత్కేంద్రమున కిచ్చిన పర్యావరణానుమతిపై స్థానికులు చేసికొన్న యప్పీలు ఫలించి, కాల్పులు జరిగిన యా జూలై 14వ తేదీననే జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ యా యనుమతిని రద్దుచేసెను. పొలమున గుండ్లు కురిసిన దినముననే కార్యాలయమున కాగితము గెలిచినది! కాగితము చదువగలవారు, వ్రాయగలవారు జనులతో నుండిన నేమగునో దీనివలన తెలియుచున్నది. చదువుకొన్నవారము కాగితముకడ లేనిచో, చదువు రానివారు దేహములనే యడ్డుపెట్టవలసి వచ్చును. మన మౌనమునకు మూల్యము వారు చెల్లింతురు. కావున "ప్రమాదము" అను సాకు మన నోట శోభింపదు.

కాగితముల త్రోవలు కఠినములు కావు. గ్రామసభయనగా సర్పంచి సభ కాదు. ఊరి వోటర్ల జాబితాలో పేరున్న ప్రతివాడు దానిలో సభ్యుడే. 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము ననుసరించి తెల్లకాగితముపై నడిగిన ప్రశ్నకు సామాన్యముగ 30 దినములలో సమాధాన మీయవలయును. గ్రామస్థాయి కార్యాలయమున దరఖాస్తునకు రుసుము లేదు. 2006వ సంవత్సరపు పర్యావరణ నోటిఫికేషను ప్రకారము పెద్ద కర్మాగారమునకో రేవునకో ప్రజాభిప్రాయసభ జరుపవలసినచో 30 దినములకు తక్కువ కాకుండ ముందుగ ప్రకటింపవలయును, నివేదిక సారాంశమును దేశభాషలో నందుబాటున నుంచవలయును. ఈ మండలముననే మూలపేటలో రేవునకు 2023వ సంవత్సరము ఏప్రిల్ 19వ తేదీన శంకుస్థాపన జరిగినది. రేవు వలయునా వలదా యని నే నిచ్చట తీర్పు చెప్పుటలేదు. అట్టి నివేదికను తెలుగున చదివి వలలవారి పేటలో వినిపించుట చదువుకొన్నవాని కనీసధర్మ మనుచున్నాను. విని వారేమందురో వారి యిష్టము.

ఇంతయు విని, "మా జనులలో నట్టి యైకమత్యము లేదు" అనువారు టెక్కలి చెంత తేలినీలాపురమునకు పోయి చూచివత్తురుగాక. ఏటేట చలికాలమునకు ముందుగ కొంగలు, గూడబాతులు వచ్చి యా యూరి చెట్లపై గూళ్లు కట్టి పిల్లల నెత్తును. పక్షులు వచ్చిన నూరికి శుభమని గ్రామస్థుల నమ్మిక. పెరటిచెట్టు రెట్టతో నిండినను కొట్టరు. రాయి విసరు పిల్లవానిని ఏ యింటివారైనను మందలింతురు. ప్రతి యింటివారును రాయి విసరకుండుటయే వారి యుద్యమము. అది తరతరములుగా సాగినది. వచ్చిన పక్షులను పుట్టింటికి వచ్చిన యాడుబిడ్డలవలె చూచుకొనగల జిల్లావారము, పుట్టి యిచ్చటనే యున్న మనుష్యులను చూచుకొనలేమా?

కావున చదువరులారా, సోదరీమణులారా, ఈ నెలలోనే మొదలిడుడు. ఏబది యిండ్లు బరువనిపించిన పదియిండ్లు చాలును; వానిలో నైదు గీటున కావల. పక్షమున కొక్కమారు పొండు. మొదటి రెండు నెల లేమియు వాగ్దానము చేయకుడు, ఫొటో తీయకుడు. వినుడు. వినిన దానిని చిన్నపుస్తకమున వ్రాసికొనుడు. ఆ పుస్తకమును మీ పెట్టెలోనే యుంచుడు, పరుల రోగములు ఫోను గుంపులలో చాటదగినవి కావు. మూడవ నెల పదియిండ్లలో నెక్కువ యిండ్లు చెప్పిన కష్ట మొక్కటి యేరుకొనుడు. రెండు వలదు. అందులో మీ చేతులతో నగునది మీరే చేయుడు. కానిదానిని వారిచేతనే యడిగించుచు, మీరు పక్కన నిలిచి గ్రామసభలో నడుగుడు. బదులు రాకున్న వ్రాతపూర్వకముగ నడుగుడు. ఏడాదివరకు మానకుడు. అప్పటికి చేతులు చాలకపోయిన, సంఘము దానంతటదియే పుట్టును. అధ్యక్షుడు లేకున్నను నడచును.

వేతనమున కేబది యిండ్లు తిరిగిన యువకుడు మరల వచ్చిన రావచ్చును, రాకున్న రాకపోవచ్చును. అది ప్రభుత్వముల యిష్టము. మన వీథి మాత్ర మెచ్చటికిని పోలేదు. రేపు మీ పొరుగింటి ముదుసలి, "మా వాలంటీరు రావట్లేదు బాబూ" అన్నప్పుడు, ఆమె యెదుట నిలిచియున్న మీరెవరు?